ఎదురింటి పిల్ల మొదటి సెమిస్టరు

జూజువాడి (హోసూరు), 3 జూలై 2025, గురువారం

ఎదురింటి ఆటో ఆయన కూతురు బి.ఎస్సీ. గణితంలో చేరింది. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. పొద్దున్నే ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం, ఇస్కూలు సర్టిఫికెట్లు చేతబట్టుకొని వచ్చింది, 'పుదుమై పెణ్' అప్లికేషను చూసి పెట్టమని. ఆరు నుంచి పన్నెండు దాకా సర్కారు బడిలో చదివిన ఆడపిల్లకు పైచదువు ముగిసేదాకా నెలకు వెయ్యి రూపాయలిచ్చే తమిళనాడు సర్కారు పథకమిది. 2022 సెప్టెంబరు 5న మొదలైంది. అంతకుముందు మూవలూర్ రామామిర్తం అమ్మాళ్ పేరుతో ఆడపిల్ల పెళ్లికి తాళిబొట్టు బంగారం, రొక్కం ఇచ్చేవాళ్లు. ఆ పెళ్లి సాయాన్నే చదువు సాయంగా మార్చారు. ఈ ఒక్క పనికి ఎవరికైనా దణ్ణం పెడతాను.

"మిస్, దుడ్డు నా ఖాతాకు వస్తుందా, నాయన ఖాతాకా?" అని అడిగింది.

"నీ ఖాతాకే."

మొహం వెలిగింది. టౌను బస్సులో ఆడవాళ్లకు ఎట్లాగూ టిక్కెట్టు లేదు కాబట్టి ఆ వెయ్యీ పుస్తకాలకు మిగులుతుంది. మగపిల్లలకు ఇట్లాంటిదే పోయినేడు ఆగస్టులో 'తమిళ్ పుదల్వన్' వచ్చిందని వెనకింటి వాళ్లకూ చెప్పాలి. వాళ్లకు తెలిసినట్టు లేదు.

27 జూలై, ఆదివారం

మొన్న శుక్రవారం సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి చదివాను. విశాఖపట్నంలో నీట్ కోచింగుకు వచ్చి, 2023 జూలైలో చనిపోయిన పదిహేడేళ్ల బెంగాలీ పిల్ల కేసు. విచారణను సీబీఐకి అప్పగించి, అంతటితో ఆగకుండా దేశమంతటికీ పదిహేను మార్గదర్శకాలు ఇచ్చారు. నూరుమంది, అంతకు మించి పిల్లలున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సిలర్ ఒకరైనా ఉండాలి. మార్కులను బట్టి పిల్లల్ని వేరువేరు బ్యాచీలు చేయకూడదు. సాయం చేసే ఫోను నంబర్లు హాస్టళ్లలో, తరగతుల్లో కనబడేట్టు రాయాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. చట్టం వచ్చేదాకా ఇవే అమల్లో ఉంటాయి.

ఒక పిల్ల పోతే తప్ప ఇంత సామాన్యమైన మాట కాగితం మీదికి రాలేదు.

19 ఆగస్టు, మంగళవారం

ఎదురింటి పిల్ల కాలేజీకి పోవడం లేదు. వాళ్లమ్మ దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. సాయంత్రం నేనే పోయి పక్కన కూచున్నా. మొదటి ఇంటర్నల్ టెస్టులో మార్కులు పోయాయంట. పదో తరగతి దాకా తెలుగు మీడియం, సమితులు, ప్రమేయాలు అంటే చప్పున అందుకునేది. ఇక్కడ పుస్తకం ఇంగ్లీషులో, వివరించేది తమిళంలో. అంగట్లో బేరమాడే తమిళం దీనికి బాగానే వచ్చు, ఆ తమిళంతో లెక్కల పాఠం అందదు.

"నాకు తలకాయ లేదు మిస్" అంది. తలకాయ లేకుండానే పన్నెండులో లెక్కల్లో ఇస్కూలు ఫస్టు వచ్చిందా! పైకి అనలేదు. ఆ మాట అన్నవాళ్లు ఇప్పటికే చానామంది ఉంటారు. రాత్రి నిద్ర పట్టడం లేదని, బువ్వ దిగడం లేదని మెల్లగా చెప్పింది.

22 ఆగస్టు

తీర్పులో చెప్పిన కౌన్సిలర్ ఉన్నారేమోనని కాలేజీకి పోయొచ్చా. కౌన్సిలింగ్ గది ఉంది, పైన బోర్డు ఉంది, తాళం ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఆఫీసులో ఎవరికీ తెలియదు.

24 ఆగస్టు, ఆదివారం

మనసు బాగాలేనివాళ్లకు సర్కారు పెట్టిన సాయం ఫోను టెలిమానస్, 14416 గురించి చెప్పా. "పిచ్చోళ్ల ఫోను కదా మిస్" అని వెనక్కి తగ్గింది. తప్పు దాని మీద లేదు. మా వీధిలో తిట్టే "నిన్ను నిమ్హాన్స్‌లో పడేయాల". మా ముందర పోయే ఈ హోసూరు రోడ్డు మీదనే బెంగళూరులో ఆ మనసు జబ్బుల ఆసుపత్రి ఉంది. అత్తిబెలె దాటి, ఎలక్ట్రానిక్ సిటీ దాటి బస్సులో పోతే గేటు కనబడుతుంది. రోజూ దాని ముందు నుంచి పనికి పోయేవాళ్లే ఆ పేరును తిట్టుగా వాడతారు. ఆ నిమ్హాన్సే ఈ టెలిమానస్‌కు పెద్దదిక్కు.

మిద్దె మీదికి పోయి చేసింది. కాస్త ఆలస్యమైనా తెలుగు మాట్లాడే ఆవిడే దొరికింది. చానాసేపటికి దిగొచ్చింది.

"ఏం చెప్పిందే?"

"చెప్పింది తక్కువ మిస్, అడిగిందే ఎక్కువ. నిద్ర, తిండి, ఎవరితో మాట్లాడతావు అని. చచ్చిపోవాలని ఎప్పుడన్నా అనిపించిందా అని కూడా అడిగింది. లేదన్నా. అడిగితే కోపం రాలేదు."

అట్లా అడిగితే లేనిపోని ఆలోచన పుట్టిస్తామని మనవాళ్ల భయం. పుట్టదు. పని నేర్చినవాళ్లు సూటిగానే అడుగుతారు. క్లాసులో అర్థంకానిది అడగడానికి ఒక మనిషిని వెతుక్కోమని, వారం తర్వాత మళ్లీ ఫోన్ చేయమని చెప్పిందంట.

14 సెప్టెంబరు

ఆ మనిషి దొరికింది. రెండో సంవత్సరం పిల్ల, బాగలూరు వైపు తెలుగోళ్లమ్మాయి. మధ్యాహ్నం చద్దిమూట విప్పేచోటే లెక్కలు. పోయినేడు తనూ ఇట్లే ఏడ్చిందంట, ఎవరికీ చెప్పలేదంట. సర్కారు జీవో లేకుండా, జీతం లేకుండా జరిగే ఈ సాయాన్ని మించింది నేను చూడలేదు. అయినా దాని మీదే వదిలేయడం కాలేజీకి మర్యాద కాదు.

'పుదుమై పెణ్' దుడ్డు ఖాతాలో పడింది. మొదట కొన్నది కలనగణితం గైడు.

10 అక్టోబరు, శుక్రవారం

ఈరోజు ప్రపంచ మానసిక ఆరోగ్య దినం. టెలిమానస్ మొదలై సరిగ్గా మూడేళ్లు. రెండో ఇంటర్నల్లో పిల్ల పాసయింది, గొప్ప మార్కులేం కాదు. ప్రిన్సిపాలుకు ఉత్తరం రాశాను. అడిగినవి రెండే: చేరిన రోజునే కౌన్సిలర్‌ను పిల్లలకు కళ్లారా చూపించండి. తెలుగు, కన్నడం ఇంటి భాషగా ఉన్న కొత్త పిల్లలకు పై సంవత్సరం నుంచి తలా ఒక తోడును పెట్టండి.

జవాబు వచ్చేలోపల ఈ వీధిలో కాలేజీకి పోయే పిల్లలున్న ప్రతి ఇంటికీ ఒక చీటీ రాసివ్వాలి: 14416. పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బు పడదు.