నేను మందిరానికి ఎందుకు రాలేదంటే

నేను పద్నాలుగు నెలలపాటు ఆదివారపు ఆరాధనకు వెళ్లలేదు. మా ఊరు దివిసీమలో అవనిగడ్డకు దగ్గర. చిన్న సంఘం. మనిషి ఒక్క వారం కనబడకపోతే సోమవారం పొద్దున్నే కబురు వస్తుంది. ముప్పయ్యేడేళ్లు బడిపంతులుగా పనిచేసి, రిటైరైన తర్వాత సంఘానికి కార్యదర్శిగా ఉన్న నేను రాకపోతే ఊరుకుంటారా? మోకాళ్ల నొప్పులని ఇంట్లోవాళ్లచేత చెప్పించాను. ఎవరూ నమ్మలేదు. రోజూ సాయంత్రం కాలువ గట్టు మీద నడుస్తూ అందరికీ కనబడుతూనే ఉన్నాను మరి.

మందిరం ప్రహరీ లెక్కల్లో కోశాధికారితో నాకు మాటామాటా వచ్చిందని కొందరు అనుకున్నారు. నిజానికి మా ఇద్దరి మధ్య ఏమీ లేదు.

అసలు కారణం ఏమిటంటే, నాకు తెలియకుండానే మూత్రం కారిపోతోంది. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఈ పత్రికను ఇంటిల్లిపాదీ చదువుతారని తెలుసు. అయినా ఇదే బాధ పడుతూ ఇంట్లో కూడా చెప్పుకోలేని పెద్దవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు కనుక, దాచకుండా రాస్తున్నాను.

మగవాళ్లకు మూత్రాశయం అడుగున, మూత్రనాళం చుట్టూ చిన్న నిమ్మకాయంత గ్రంథి ఒకటి ఉంటుంది. దాన్నే ప్రోస్టేట్ అంటారు. వయసు పైబడ్డాక చాలామందిలో అది పెరిగి దారిని ఇరుకు చేస్తుంది. నాకు వచ్చింది ఆ మామూలు వాపు కాదు, క్యాన్సర్. ఇంకా బయటికి పాకలేదు కాబట్టి 2022 జనవరిలో ఆపరేషన్ చేసి గ్రంథిని మొత్తంగా తీసేశారు. క్యాన్సర్ పోయింది. ఆ మేలు ఎన్నటికీ మరువను. అయితే పైపు తీసిన రోజు నుంచి ఈ తడి మొదలైంది.

ఎందుకలా అవుతుందో తర్వాత ఒక డాక్టరుగారు బొమ్మ గీసి చూపించారు. డెల్టా మనుషులం కదా, నాకు చప్పున తూములు గుర్తొచ్చాయి. మన ఒంట్లో ఆ నీటికి రెండు తూములున్నాయి. ఒకటి మూత్రాశయం మెడ దగ్గర, రెండోది గ్రంథికి దిగువన. గ్రంథిని తీసేటప్పుడు పై తూము దాంతోపాటే పోతుంది. ఇక బరువంతా కింది తూము మీదే. అది గట్టిగా ఉంటే కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. చాలామందికి అలాగే సర్దుకుంటుందట. నాకు సర్దుకోలేదు.

కండరాలు బిగించే వ్యాయామం నేర్పారు. మూత్రం మధ్యలో ఆపుకోవాలంటే ఏ కండరాలను బిగిస్తామో వాటిని బిగించి, కాసేపు పట్టి ఉంచి, వదలాలి. రోజుకు ఎన్నోసార్లు చేయాలి. దీన్ని 1948 ప్రాంతంలో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా డాక్టరు కాన్పులైన స్త్రీల కోసం ప్రచారంలోకి తెచ్చాడట. బాలింతల వ్యాయామమా అని మొదట నాకు చిన్నతనంగా తోచింది. అలా అనుకుంటూనే ఏడాదిపాటు వదలకుండా చేశాను. కొంత తగ్గింది కానీ ఆగలేదు.

పడుకుంటే ఫరవాలేదు. లేచి నిలబడినా, దగ్గినా, తుమ్మినా, నీళ్ల బకెట్ ఎత్తినా కారిపోయేది. అన్నిటికంటె కష్టమైనది పాట. ఊపిరి బిగించి పై స్థాయి ఎత్తుకున్నానంటే పంచె తడిసేది. మా మందిరంలో చాపల మీద కూర్చుంటాం. 2022 జూన్‌లో ఒక ఆదివారం ముగింపు పాటకు అందరూ లేచారు, నేనూ లేచాను. వెనక ఉన్న చిన్న పిల్లవాడు, “తాతయ్య నీళ్లు ఒలకబోశాడు” అన్నాడు. వాడికేం తెలుసు పాపం. వాళ్లమ్మ వాడి నోరు మూసింది. మళ్లీ ఆ చాప మీద కూర్చోకూడదని ఆవేళే అనుకున్నాను.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు నాకు ఇరవయ్యారేళ్లు. ఆ తర్వాతి రోజుల్లో ఒంటిమీద నూలుపోగు లేని శవాలను ఎత్తి మోసినవాళ్లలో నేనూ ఉన్నాను. అప్పుడు సిగ్గు అనే మాటే ఎవరికీ గుర్తు లేదు. అలాంటివాణ్ని నా పంచె తడుస్తోందని తోటి మనిషికి చెప్పలేకపోయాను.

మొదట పాత పంచెలు చింపి గుడ్డలు పెట్టుకునేవాణ్ని. వాటిని మా ఆవిడ ఉతికేది. ఆమె ఏమీ అనేది కాదు, నేనూ ఏమీ అనేవాణ్ని కాదు. తర్వాత పెద్దవాళ్ల డైపర్లు దొరుకుతాయని తెలిసింది. అవనిగడ్డలో కొంటే ఊరంతా తెలుస్తుందని చల్లపల్లి, పామర్రు మీదుగా గుడివాడ వెళ్లి బస్టాండు దగ్గర కొనేవాణ్ని. వాడినవాటిని రాత్రిపూట కొబ్బరిచెట్ల వెనక గోతిలో పూడ్చేవాణ్ని. ఒకసారి కుక్కలు తవ్విపోశాయి. ఆ సంగతి ఇంతకంటె రాయను.

2023 జనవరిలో అదే మందుల షాపులో మా అమ్మాయి ఎదురుపడింది. తన అత్తవారిది గుడివాడే. పిల్లకు దగ్గు మందు కొనడానికి వచ్చింది.

“ఎవరికి నాన్నా ఇవి?” అంది.

“మన పక్కింటి తాతకమ్మా” అన్నాను.

ఆ తాత చనిపోయి అప్పటికి రెండేళ్లు. అమ్మాయి మారుమాట్లాడకుండా డబ్బులిచ్చి, సంచి తన చేతిలోకి తీసుకుంది. ఆ సాయంత్రం వాళ్లింట్లో నాకు కాఫీ ఇచ్చి, పిల్లల్ని బయటికి పంపి, “ఎన్నాళ్లనుంచి?” అని ఒక్క మాట అడిగింది. అన్నీ చెప్పేశాను. అంతవరకు ఇది వయసుతోపాటు వచ్చేదేలే అనుకున్నాను. దీనికి వేరే ఆపరేషన్ ఉందని నాకు తెలియనే తెలియదు.

ఫిబ్రవరిలో హైదరాబాదులో ఒక మూత్రకోశ వ్యాధుల నిపుణుడి దగ్గరకు తీసుకెళ్లారు. మన సంఘాలవాళ్లకు పెద్ద జబ్బు అనగానే వేలూరే గుర్తొస్తుంది కానీ, అమ్మాయి ఆడబిడ్డ ఉండేది హైదరాబాదులో. ఆయన ముందుగా ఒక నోటుపుస్తకం పెట్టమన్నారు. రోజుకు ఎన్ని డైపర్లు మార్చానో, ఏం చేస్తుండగా కారిందో రాయాలి. ఒకరోజు మాత్రం ఇరవైనాలుగు గంటలవీ దాచి తూకం వేసి, పొడిగా ఉన్నప్పటి బరువు తీసేయాలి. బడిలో లెక్కలు చెప్పినవాణ్ని, ఇలాంటి తీసివేత ఎప్పుడూ చేయలేదు. అరకిలో పైన తేలింది. సన్నని కెమెరాతో లోపల చూశారు. మూత్రాశయం ఎంత పట్టగలదో, ఎంత ఒత్తిడికి కారుతోందో ఇంకో పరీక్ష చేశారు.

కారడం తక్కువగా ఉన్నవాళ్లకు నాళం కింద నాడాలాంటి పట్టీ వేసి ఆసరా ఇస్తే సరిపోవచ్చునన్నారు. నా అంత ఉన్నవాళ్లకు కృత్రిమ తూము మేలన్నారు. హూస్టన్‌లో బ్రాంట్లీ స్కాట్ అనే డాక్టరు 1972లో అలాంటిదాన్ని మొదటిసారి ఒక మనిషికి అమర్చారు. అప్పటినుంచి మారుతూ వచ్చింది. అందులో మూడు భాగాలు. నాళం చుట్టూ ఉంగరంలా చిన్న పట్టీ. పొత్తికడుపు లోపల నీటి బుడగ. వృషణాల సంచిలో వేలికి తగిలేంత చిన్న పంపు. పట్టీలో నీరుంటే నాళం మూసుకుని ఉంటుంది. మూత్రానికి వెళ్లాలనిపించినప్పుడు పంపును రెండు మూడుసార్లు నొక్కితే ఆ నీరు బుడగలోకి పోయి దారి తెరుచుకుంటుంది. రెండు మూడు నిమిషాల్లో నీరు తనంతట తానే పట్టీలోకి వచ్చి మూసుకుంటుంది. కరెంటు లేదు, బ్యాటరీ లేదు. నమూనా పంపు నా చేతికిచ్చి నొక్కమన్నారు. వేళ్లలో పట్టు లేనివాళ్లకు ఇది పనికిరాదట. చాక్‌పీసు పట్టిన వేళ్లు కదా, నొక్కాను.

ఖర్చు లక్షల్లో అన్నారు. అరెకరం అమ్మాలి. నేను వద్దన్నాను. మా ఆవిడ మాత్రం, “పొలం గట్టు మీద కూర్చుని ఇద్దరం ఏడుద్దామా ఏమండీ? పెళ్లిళ్లకు మీరు నా పక్కన ఉంటే నాకు చాలు” అంది. అరెకరం అమ్మేశాం.

ఆపరేషన్ తేదీ మే నెలలో ఇచ్చారు. అది తప్పిపోయింది. బందరులో మా అబ్బాయి దగ్గరుండి మూత్రం కల్చర్ పరీక్ష చేయిస్తే క్రిములున్నాయని వచ్చింది. పైగా తడి గుడ్డలతో గజ్జల్లో తామర పట్టింది. ఆ రెండూ పూర్తిగా తగ్గితేగానీ ముట్టుకోనన్నారు. నాకు కోపం వచ్చింది. ఇంత దూరం వచ్చాక తామర కోసం ఆపుతారా అని విసుక్కున్నాను. ఒంట్లో పెట్టిన వస్తువుకు క్రిమి పట్టిందంటే మందులతో పోవడం కష్టం, చాలాసార్లు మొత్తం తీసేయాల్సి వస్తుందని ఆయన చెప్పాక ఊరుకున్నాను. క్రిములకు మాత్రలు, తామరకు పూత, పూటపూటా ఆరిన బట్ట. చక్కెర జబ్బు అదుపులో పెట్టుకున్నాను. గుండెకు వేసుకునే ఆస్పిరిన్‌ను వాళ్లు చెప్పిన రోజున ఆపి, వాళ్లు చెప్పిన రోజున మళ్లీ మొదలుపెట్టాను. అది మనంతట మనం ఆపే మందు కాదు.

బయలుదేరే ముందురోజు సాయంత్రం కోశాధికారి మా ఇంటికి వచ్చాడు. చంకలో లెక్కల పుస్తకం. అరుగు మీద కూర్చుని, “మాష్టారూ, తప్పెక్కడుందో చెప్పండి, దిద్దుకుంటాను” అన్నాడు. కళ్లలో నీళ్లున్నాయి. నేను అతన్ని అనుమానించి మందిరం మానేశానని ఏడాదిగా కుమిలిపోతున్నాడట. ఇంట్లో అన్నం సయించడం లేదట. అప్పుడు చెప్పాను ఉన్నది ఉన్నట్లు. కాసేపు నన్నే చూశాడు. “ఇంతేనా? ఈ పుస్తకం నేను రెండుసార్లు తిరగరాశాను మాష్టారూ!” అన్నాడు. నేను నా పంచె ఒక్కటే తడుస్తోందనుకున్నాను.

జూన్ నెలాఖరున ఆపరేషన్ అయింది. నడుముకు మత్తు సూది ఇచ్చారు. కాళ్ల సందున ఒక కోత, పొత్తికడుపు మీద ఒక కోత. మర్నాడు పైపు తీశారు, రెండు రోజుల తర్వాత పంపేశారు. గతుకుల దారిలో ఊరి దాకా వద్దని బందరులో అబ్బాయి ఇంట్లో దిగాను. సంచి వాచి నల్లబడింది. దగ్గితే ప్రాణం పోయినంత పనయ్యేది. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి పెట్టుకోవడం, బిగువైన లోదుస్తు, బరువులెత్తకపోవడం, ముక్కకుండా విరేచనం అయ్యేలా పీచు తినడం. మనవడు బందరు లడ్డు తెచ్చి పెడితే చక్కెర గుర్తొచ్చి ముక్క కొరికి వదిలేశాను. స్నానంలో పంపును మెల్లగా కిందికి లాగి చూసుకోమన్నారు, పైకి జరగకుండా.

ఈ ఆపరేషన్‌లో అన్నిటికంటె కష్టమైనది ఆ తర్వాతి ఆరు వారాలు. గాయం మానేవరకు తూమును పనిచేయనివ్వరు. తెరిచి ఉంచే బిగించి పంపుతారు. అంటే అంత ఖర్చు పెట్టినా, అంత కోత పడినా, మునుపటిలాగే కారుతూ ఉంటుంది. నాకు ముందే చెప్పారు. చెప్పినా నాలుగో వారానికి నమ్మకం పోయింది. చూడవచ్చిన ఒకాయన, “ఆపరేషన్ ఫెయిలైందా బావగారూ?” అని అడగనే అడిగాడు. ఆ రాత్రి అరెకరం గురించి మా ఆవిడతో నానా మాటలన్నాను. ఆమె వినిపించుకోకుండా గుడ్డలు మడతపెట్టుకుంది.

ఆగస్టులో రాత్రి రైలెక్కాం. గుడివాడలో ఆగినప్పుడు అమ్మాయి ఇడ్లీల పొట్లంతో ప్లాట్‌ఫారం మీద ఉంది. మర్నాడు డాక్టరుగారు పంపును గట్టిగా ఒక నొక్కు నొక్కి, “ఇక దగ్గండి” అన్నారు. దగ్గాను. మళ్లీ గట్టిగా దగ్గాను. ఏమీ కాలేదు. బడిపిల్లవాడిలా నాలుగుసార్లు మూత్రానికి వెళ్లి వచ్చి చూపించాకగానీ వదల్లేదు.

పూర్తిగా పొడిగా ఉన్నానని చెప్పను. బరువెత్తితే, తుమ్ము ముంచుకొస్తే ఒక చుక్క పడుతుంది. రోజుకు ఒక చిన్న గుడ్డ చాలు. సైకిలు మానేశాను, సీటు ఒత్తిడి సరిగ్గా ఆ పట్టీ మీదే పడుతుంది కనుక. జేబులో ఒక కార్డు ఉంటుంది. నేను స్పృహ తప్పి ఏ ఆస్పత్రిలో చేరినా, ఆ తూమును ఆపి తెరవకుండా మూత్రపు పైపు వేయకూడదని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాను. వేస్తే నాళం చిరిగిపోవచ్చు. ఈ వస్తువు చాలామందికి పదేళ్లు అటూ ఇటూగా పనిచేస్తుందట. కొందరికి ముందే మళ్లీ కోత పడవచ్చు. నా వయసుకు ఆ లెక్క ఫరవాలేదు.

వచ్చిన ఆదివారం మందిరానికి వెళ్లాను. కుర్చీ వేశారు, వద్దని చాప మీదే కూర్చున్నాను. ముగింపు పాటకు లేచి పై స్థాయి ఎత్తుకున్నాను. గొంతు పట్టు తప్పింది, అంతే తప్పింది. ఆరాధన అయ్యాక కోశాధికారి పుస్తకం తెచ్చి ముందు పెట్టాడు. పద్నాలుగు నెలల పేజీలు, ఒక్కొక్క దాని కింద కార్యదర్శి సంతకానికి ఖాళీ. అక్కడే కూర్చుని అన్నీ చూసి సంతకాలు పెట్టాను. రెండుసార్లు తిరగరాసినా ఫిబ్రవరి పేజీలో పదకొండు రూపాయల కూడిక తప్పు అలాగే ఉంది.