కూర్చుంటే పోలా?

మా అమ్మ మాట ఒక్కసారి తప్పాను. ఆ తరువాత 36 సంవత్సరాలు తప్పలేదు. ఆ మాట యేమిటంటే, పడవలో లేచి నిలబడవద్దని.

కాలేజీలో రోజుకు నాలుగు గంటలు నిలబడి పాఠం చెప్పేవాణ్ణి. కాళ్లకేమీ లోపం లేదు. కాని నీటిమీద తేలేదేదైనా సరే, ఎక్కగానే చతికిలబడతాను. గోదావరిలో లాంచీ ఎక్కినా అంతే. మా ఆవిడ దీన్ని నా వినయమనుకుంటుంది.

2023 వేసవిలో టెక్సాస్‌లోని మా తమ్ముడింటికి వెళ్లాను. వాడికి చేపల వేట పిచ్చి. హ్యూస్టన్ నుంచి మూడు గంటలు కారులో పోతే రెడ్‌ఫిష్ బే అని సముద్రపు పాయ వుంది. లోతు చాలాచోట్ల నడుం దాటదు. మునిగిపోయే లోతు కాదు గాని, పరువు పోవడానికి చాలు. నాకోసం మరొక కయాక్ అద్దెకు తెచ్చి, ఒంటికి తేలే చొక్కా తగిలించి, నన్నందులో కూర్చోబెట్టాడు.

కయాక్ అన్నమాట గ్రీన్‌లాండు వైపు ఇనూయిట్ ప్రజలది. కట్టెచట్రానికి సీలు చర్మం బిగించి చేసుకున్న వేటపడవ అది. కాళ్లు చాపుకొని నడుం వరకు అందులో దూరి కూర్చోవలసిందే. నిలబడే ఆలోచనే లేదు దానికి. మా తమ్ముడు తెచ్చినవి అలాంటివి కావు. 12 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, చదునైన అడుగు, ప్లాస్టిక్ పోత.

వాడు దాంట్లో ఠీవిగా లేచి నిలబడ్డాడు.

"కూర్చుంటే పోలా?" అన్నాను.

"కూర్చుంటే ఏం కనిపిస్తుందన్నయ్యా? ఆకాశం!"

నిజమే. కూర్చున్నవాడికి నీటిమీద తళతళ తప్ప మరేమీ తెలియదు. నిలబడితే చూపు నీటిలోకి దిగుతుంది. గడ్డీ, ఇసుకా, వాటిమీద సాగే నీడలూ కనిపిస్తాయి. రెడ్‌ఫిష్ రాగిరంగు చేప. తోక మొదట్లో నల్లచుక్క వుంటుంది. పీతలకోసం ముక్కు నేలకానించి మేస్తూవుంటే తోక నీటిపైకి వచ్చి వూగుతుంది. ఆ తోకను ముందుగా చూసినవాడిదే వేట.

వాడలా గాలం పట్టుకొని, నాకు వీపు పెట్టి, దూరానికి చూస్తూ నిలబడివుంటే నాకు కొల్లేరు గుర్తుకొచ్చింది.

1987 సంక్రాంతి సెలవులు. కైకలూరు దగ్గర మా అమ్మమ్మగారి వూరు. నాకు పదేళ్లు, వాడికి ఆరు. తాతా అని పిలిచే ఒక జాలరి మమ్మల్ని తాటిదోనెలో ఎక్కించుకున్నాడు. "బుద్ధిగా కూర్చోండి, లేచారంటే వూరుకోను" అని అమ్మ గట్టుమీదనుంచి కేక పెట్టింది. తాత మాత్రం దోనె కొసన నిలబడి, విసురువల మోచేతికి వేసుకొని, ఒక అంచు పళ్ల మధ్య పట్టి, నడుం తిప్పి విసిరాడు. వల గొడుగులా విచ్చుకొని నీటిమీద పడింది. దోనె మాత్రం కదలలేదు!

ఏం పడిందో చూద్దామని లేచాను. తాటిమాను గుండ్రటిది గదా, సగం తొలిచినా దాని స్వభావం దొర్లడమే. తరువాత నాకు తెలిసిందల్లా చల్లదనం. పైకి తేలి చూస్తే తమ్ముడు లేడు. తాత వలతాడు వదిలేసి, నీళ్లలోనుంచి వాణ్ణి జుట్టుపట్టి లేవనెత్తాడు. వాడు యేడవలేదు, అదే నాకు భయం వేసింది. తాత తన గుడిసె దగ్గర మంటవేసి, మా బట్టలారబెట్టి, వేడిగంజి పోసి, "అమ్మకు నేను చెప్పను, నువ్వూ చెప్పకు" అన్నాడు. చెప్పలేదు. తమ్ముడితోనూ మళ్లీ ఆ సంగతెత్తలేదు.

ఇప్పుడెత్తాను. గొంతు సరిచేసుకొని, తరగతిలో పాఠం మొదలుపెట్టినట్టు మొదలుపెట్టి, మధ్యలో తడబడి, మొత్తానికి చెప్పాను.

వాడు గాలం దించి, కూర్చొని విన్నాడు.

"నీళ్లలో పడ్డామా?" అన్నాడు చివరికి. "నాకు గంజి గుర్తుంది. తాత అలా నిలబడి వల విసరడం గుర్తుంది. అది చూసే గదా నాకీ పిచ్చి పట్టింది! పడిన సంగతి బొత్తిగా గుర్తులేదన్నయ్యా."

ముప్ఫయ్యారేళ్లు నేనొక్కణ్ణే మోశానన్నమాట. కోపం రావలసింది, నవ్వొచ్చింది.

వాడు తన కయాక్‌ను నా పక్కకు చేర్చి, రెండింటి అంచులూ కలిపి పట్టుకున్నాడు. రెండు దోనెలు జతకట్టి నడిపితే దాన్ని మనవాళ్లు సంగడి అంటారు. ఒక్కటిగా వున్నప్పుడు దొర్లేవి, జతపడితే వెడల్పు పెరిగి నిలుస్తాయి. స్నేహితుణ్ణి సంగడీడు అంటామని పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. రెండో దోనె ఎందుకో ఆరోజు కాళ్లకు తెలిసింది.

"కాళ్లు ఎడంగా పెట్టు. మోకాళ్లు బిగించకు. కాళ్లకేసి కాదు, అదిగో ఆ గట్టుకేసి చూడు. లే!"

లేచాను. పిక్కలు వణికితే పడవా వణికింది. వాడు అంచు వదల్లేదు. గాలి చెవుల్లో హోరుమంది. కాస్సేపటికి వణుకు తగ్గింది. కింద పచ్చటి గడ్డి వొక పక్కకు వాలి వుంది. దానిమీదుగా నీడ వొకటి తీరుబడిగా సాగింది. "ఒరేయ్, అదిగో!" అనబోయి, గొంతు పెగలక, చెయ్యి చూపించాను.

అంతలో వాడి మెడలో ప్లాస్టిక్ సంచిలోని ఫోను మోగింది. అమ్మ! అక్కడ రాత్రి ఎనిమిది.

"ఏంరా, చేపలకు వెళ్లారట! ఇద్దరూ పడవలో బుద్ధిగా కూర్చున్నారా?"

వాడు నాకేసి చూశాడు. నేను గట్టుకేసే చూస్తున్నాను.

"కూర్చున్నామమ్మా" అన్నాము ఇద్దరమూ.