తుమ్మముల్లు దిగిన చోట

ఫిబ్రవరి 7 రమాబాయి తల్లి జయంతి. ఈసారి మా విహారంలో ఉపన్యాసాలు తగ్గించి పాటలతో ఒక నాటకం వేయాలని కుర్రాళ్లు పట్టుబట్టారు. కమిటీలో పెద్దవాళ్లు కూడా సరేనన్నారు. తగాదా అంతా ఎలాంటి నాటకం అన్నదాని మీదే వచ్చింది. వెనక పెద్ద ఎల్‌ఈడీ తెర, రికార్డు చేసిన పాటలు, యాభై మంది పిల్లల డాన్సు ఉండాలని కొందరు. అంత డబ్బు ఎక్కడినుంచి తెస్తారని ఇంకొందరు. చివరికి అందరూ మా వైపు తిరిగి, "ఏ నాటకం వచ్చినా మీరిద్దరూ వదలరు కదా, మీరే చెప్పండి" అన్నారు.

మేమిద్దరం భార్యాభర్తలం. గుంటూరు జిల్లా నుంచి ఉద్యోగం కోసం ముంబై వచ్చి పాతికేళ్లయింది. మరాఠీ మొదట కూరగాయల బజారులో నేర్చుకున్నాం, ఆ తర్వాత నాటకాల హాళ్లలో. సినిమాకు పెట్టే డబ్బు నాటకాలకు పెడతామని మా పిల్లలు మమ్మల్ని ఆటపట్టిస్తారు. ఆ రోజు కమిటీకి సరైన జవాబు చెప్పలేకపోయాం. ఇంటికొచ్చి రాత్రి పొద్దుపోయేదాకా చూసినవన్నీ ఒక్కొక్కటే తవ్వుకుని మాట్లాడుకున్నాం. అదే ఇక్కడ రాస్తున్నాం.

ముందు ఢిల్లీ సంగతి. 2022 ఫిబ్రవరి 25 నుంచి మార్చి 12 దాకా ఢిల్లీ ప్రభుత్వం జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో బాబాసాహెబ్ జీవితం మీద భారీ సంగీత నాటకం వేయించింది. బాబాసాహెబ్‌గా రోణిత్ రాయ్, సూత్రధారిగా టిస్కా చోప్రా, సంగీతం ఇండియన్ ఓషన్ బృందానిది, దర్శకత్వం మహువా చౌహాన్‌ది. వంద అడుగుల వేదిక, అందులో నలభై అడుగుల మేర గుండ్రంగా తిరిగే భాగం. ప్రవేశం ఉచితం. మేం సెలవు పెట్టి రైలెక్కి వెళ్లాం. ఒక ప్రభుత్వం తన ఖర్చుతో బాబాసాహెబ్ కథను అంత పెద్దగా ఆడిస్తుంటే చూడకుండా ఎలా ఉంటాం? మా ముందు వరుసలో కూర్చున్న ముసలామె చెప్పులు విప్పి పక్కన పెట్టి, ఆట అయ్యేదాకా కాళ్లు చల్లని నేల మీదే పెట్టుకుని కూర్చుంది. ఆమెకు అది విహారమే. ఆ సాయంత్రం మా కళ్లు కూడా తడిశాయి, దాచడం దేనికి!

కానీ తిరుగు రైల్లో ఒక పాటైనా గుర్తు చేసుకుని పాడుకుందామంటే ఒక్కటీ నోటికి రాలేదు. వేదిక తిరగడం గుర్తుంది, వెలుగులు గుర్తున్నాయి. రమాబాయి తల్లి మాత్రం మాకు గుర్తు లేదు. తప్పు మాదే కావచ్చు, చాలా దూరంగా కూర్చున్నాం. అయినా అరవై అయిదేళ్ల జీవితాన్ని ఒక సాయంత్రంలో పరుగెత్తించాలంటే వేదిక ఎవరి దగ్గరా ఎక్కువసేపు ఆగలేదు. అంత గొప్ప జీవితాన్ని అంత పెద్దగా చూపించాల్సిందే. అయితే చూసి లేచి వచ్చేశాం. అందులో మేం చేయాల్సిన పని ఏమీ మిగల్లేదు.

2023 ఆగస్టులో బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లోని నీతా ముకేశ్ అంబానీ సాంస్కృతిక కేంద్రానికి 'వెస్ట్ సైడ్ స్టోరీ' వచ్చింది. టిక్కెట్టు ధర చూసి రెండు రోజులు ఆలోచించి, బాగా వెనక వరుసలో రెండు సీట్లు కొన్నాం. 1957లో న్యూయార్క్‌లో మొదలైన నాటకం ఇది. సంగీతం లియొనార్డ్ బెర్న్‌స్టైన్‌ది, పాటలు స్టీఫెన్ సోండ్‌హైమ్‌వి, డాన్సులు కట్టి నడిపించినవాడు జెరోమ్ రాబిన్స్. రోమియో జూలియెట్ కథను తెచ్చి న్యూయార్క్ వీధుల్లో తిరిగే రెండు కుర్ర ముఠాల మధ్య పెట్టారు. ఒకటి తెల్లవాళ్లది, ఇంకొకటి పోర్టోరికో నుంచి వలస వచ్చినవాళ్లది. కుర్రాళ్లు చిటికెలేస్తూ నడిచి వస్తుంటే ఒంట్లో వణుకు పుట్టింది. చివర్లో టోనీ శవాన్ని రెండు ముఠాలవాళ్లూ కలిసి భుజాలకెత్తుకుంటారు. చుట్టూ ఉన్నవాళ్లు ముక్కు చీదుకుంటున్నారు. మాకు మాత్రం ఏడుపు రాలేదు.

ఎందుకు రాలేదో లోకల్ ట్రైన్‌లో అర్థమైంది. ఆ కథలో చావు రెండు వైపులా ఉంది. వీళ్లలో రిఫ్, వాళ్లలో బెర్నార్డో, చివరికి టోనీ. ఇద్దరిదీ తప్పే, ఇద్దరూ నష్టపోయారు, కాబట్టి ఇద్దరూ కలిసి ఏడవచ్చు. మిర్యాలగూడలో 2018 సెప్టెంబరులో ఒక దళిత యువకుణ్ణి పట్టపగలు ఆసుపత్రి ముందు, కడుపుతో ఉన్న భార్య పక్కనుండగానే నరికారు. అక్కడ రెండు ముఠాలు లేవు. చంపింది ఒక వైపు, చచ్చింది ఒక వైపు. ఆ శవాన్ని కలిసి మోయడానికి అవతలి నుంచి ఎవరొస్తారు? రోమియో జూలియెట్ కథను మన ఊళ్లకు తెచ్చే ప్రతివాళ్లూ ఇక్కడే జారిపోతారు. 'రెండు కుటుంబాల పగ' అంటారు. కులం పగ కాదు, మెట్లు. ఆ నాటకం గొప్పది కాదని మేం అనడం లేదు. మన దుఃఖం ఆ చొక్కాలో పట్టదు, అంతే.

మా కుర్రాళ్లకు ఇంకో నాటకం గురించి కూడా చెప్పాలి. 'శివాజీ అండర్‌గ్రౌండ్ ఇన్ భీమ్‌నగర్ మొహల్లా'. 2012లో మొదలైంది. రాసింది రాజ్‌కుమార్ తాంగడే, దర్శకుడు నందూ మాధవ్, పాటలు లోకశాహీర్ సంభాజీ భగత్‌వి. నటుల్లో ఎక్కువమంది జాల్నా జిల్లా రైతులు. శివాజీని తీసుకుపోవడానికి యముడు వస్తాడు. శివాజీ ఆలోచనలు నింపుకున్న తలపాగా దారిలో ఎక్కడో పోతుంది. అది ఎవరి తలకు సరిపోతుందా అని యముడు వెతుక్కుంటూ తిరుగుతాడు. భీమ్‌నగర్‌లో రెండు గాయక బృందాలు పాటలతో పోటీ పడతాయి. శివాజీ ఎవరివాడు, రైతుబిడ్డలవాడా లేక ఆయన పేరు చెప్పి కొట్లాట పెట్టేవాళ్లవాడా అన్నదే పోటీ. మేం చూసిన ఆటలో జనం సీట్లలోంచి జవాబులు చెప్పారు. మా పక్కన కూర్చున్న ఆటో డ్రైవర్ రెండుసార్లు లేచి నిలబడ్డాడు. అది పాత జల్సా పద్ధతే. భీమ్‌రావు కర్డక్ జల్సా ఒకటి తన పది సభలకు సమానమని బాబాసాహెబ్ అన్నట్టు మరాఠీ ఉపాసకులు ఇప్పటికీ చెప్పుకుంటారు. కర్డక్‌కు ఎల్‌ఈడీ తెర లేదు, డప్పూ తుంతునా ఉన్నాయి.

ఇక అసలు చెప్పాలనుకున్నది 'సంగీత్ దేవ్‌బాభళీ'.

దాదర్‌లో చూశాం. ప్రాజక్త్ దేశ్‌ముఖ్ రాసి దర్శకత్వం వహించిన నాటకం, 2017లో వచ్చింది. ఈ పుస్తకానికి సాహిత్య అకాడమీ యువ పురస్కారం కూడా దక్కింది. వేదిక మీద ఇద్దరే ఇద్దరు ఆడవాళ్లు. ఒకరు తుకారాం భార్య ఆవలి, రెండోవారు విఠోబా భార్య రఖుమాయి. పాటలు వాళ్లే పాడుతూ నటిస్తారు.

టిక్కెట్లు కొన్నామని తెలిసి ఒక మిత్రుడు కోప్పడ్డాడు. ఇరవై రెండు ప్రతిజ్ఞలు చేసినవాళ్లం విఠ్ఠలుడి నాటకానికి ఎలా వెళతామని. న్యాయమైన ప్రశ్నే. కానీ 1920 జనవరి 31న బాబాసాహెబ్ 'మూక్‌నాయక్' మొదలుపెట్టినప్పుడు పత్రిక నుదుట పెట్టుకున్నది తుకారాం అభంగమే. తుకారాం మాటకు అక్కడ చోటు దొరికితే తుకారాం ఇంటిదాని మాట వినడానికి మాకేం అడ్డం?

కథ ఇంతే. తుకారాం దేహూ దగ్గర భండారా కొండ మీద భజనలో మునిగి ఉంటాడు. ఇంట్లో గింజ లేదు. ఆవలి ఎలాగో రొట్టె చేసి, మొగుణ్ణి వెతుక్కుంటూ కొండెక్కుతుంది. దారిలో కాల్లో ముల్లు దిగుతుంది. బాభళీ అంటే మన తుమ్మచెట్టు. విఠోబాయే వచ్చి ఆ ముల్లు తీస్తాడు. గాయం మానేదాకా ఆమెకు సాయం చేయమని రఖుమాయిని పంపుతాడు. తానెవరో చెప్పకుండా రఖుమాయి ఆవలి ఇంట్లో పనిమనిషిలా ఉంటుంది. ఆవలి రోజంతా విఠోబాను తిడుతుంది. ఆ నల్లవాడు నా మొగుణ్ణి లాక్కున్నాడంటుంది. వినేది అతని భార్యే. ఆమెకూ మొగుడి మీద తక్కువ కోపం లేదు. పండరిపురంలో ఆమె గుడి వేరు, అతని గుడి వేరు.

ఇద్దరు ఆడవాళ్లు, ఒక పొయ్యి, ఒక గాయం. తుకారాం కనిపించడు. విఠోబా కనిపించడు. గొప్పవాళ్లిద్దరూ బయటెక్కడో ఉన్నారు, వాళ్లను మోస్తున్నవాళ్లు లోపల ఉన్నారు. సగం నాటకం అయ్యేసరికి మా ఇద్దరి చేతులూ ఒకరివి ఒకరం పట్టుకుని ఉన్నాం. ఇద్దరికీ ఒకే మనిషి గుర్తొచ్చింది. విరామంలో టీ తాగుతూ ఒకేసారి అన్నాం, రమాబాయి తల్లి అని.

మన పాఠకులకు ఆ తల్లి కథ కొత్త కాదు. అయిదుగురు పిల్లల్ని కని నలుగుర్ని మట్టికి ఇచ్చింది, మిగిలింది యశ్వంత్ ఒక్కడే. ఆయన పరాయి దేశంలో చదువుకుంటుంటే ఇక్కడ పిడకలు చేసి ఇల్లు నడిపింది. ఆమెకు పండరిపురం వెళ్లాలని కోరిక ఉండేది. అంటరానివాళ్లు గుడికి దూరంగా నిలబడి దండం పెట్టుకోవాల్సిన చోటికి ఎందుకు, మనమే ఇంకో పండరిపురం కట్టుకుందాం అని బాబాసాహెబ్ ఆమెకు నచ్చజెప్పారని ఆయన జీవితచరిత్రలో ఉంది. 1935 మే 27న ఆమె కన్నుమూసింది. అదే ఏడాది అక్టోబరు 13న యేవలాలో ఆయన, హిందువుగా చావనని ప్రకటించారు. ఆ ఇంకో పండరిపురం ఆమె చూడలేదు. ఆ మాట విన్న రాత్రి ఆమె ఏమనుకుని ఉంటుంది? ఒప్పుకుందా? ఒప్పుకున్నట్టు తల ఊపి వంటింట్లోకి వెళ్లిందా? ఢిల్లీలో తిరిగే వేదిక మీద మాకు దొరకని మనిషి, విఠోబా నాటకంలో, ఇంకొకామె కాలి గాయం దగ్గర దొరికింది. ఇది మాకు కొంచెం సిగ్గుగానే ఉంది.

అందుకే కమిటీకి చెప్పాలనుకున్నది ఇది. ఇద్దరే ఆడపిల్లలు చాలు. ఒకరు రమాబాయి, ఇంకొకరు పక్క గదిలో ఉండే పొరుగామె. బాబాసాహెబ్ వేదిక మీదికి రారు. తలుపు కింద నుంచి ఆయన చదువుకునే దీపం వెలుతురు కనిపిస్తుంది. పండరిపురం వెళదామా అని ఆమె అడుగుతుంది. చెప్పీ చెప్పగానే ఒక పెద్దాయన లేచి, "బాబాసాహెబ్ లేని నాటకం మన విహారంలోనా?" అన్నారు. కుర్రాళ్లు మొహాలు వేలాడేశారు. ఇంకా తేలలేదు. అయితే పాటలెవరు కడతారో చూడండి, తర్వాత మాట్లాడదాం అన్నారు.

పాటలు కట్టగలిగిన మనిషి ఒకరు మాకు తెలుసు. మాలో ఒకరికి నాన్న, ఒకరికి మామయ్య. ఊళ్లోనే ఉంటారు. వయసులో ఉండగా 'హరిశ్చంద్ర'లో ఆయన వీరబాహుడు. కాటికాపరిని కొనుక్కునే యజమాని, తాగి తూలే వేషం. మాలపల్లె వాళ్లకు అదే కుదురుతుందని ఊరు తీర్మానించింది. బలిజేపల్లి వారి ఆ నాటకంలో కాటిసీను మొదలవగానే జాషువ పద్యాలు కలిపి పాడటం మన వైపు ఆనవాయితీ. ఆ శ్మశానం పద్యాలు రాసింది మనవాడు. పాడేది హరిశ్చంద్రుడు, అంటే పై కులం నటుడు. మామయ్య గొంతు ఊళ్లో అందరికన్నా మంచిదని అందరికీ తెలుసు. ఆయన తెర పక్కన నిలబడి, ఆ పద్యాలు వింటూ తన వంతు కోసం చూసేవారట. వన్స్‌మోర్‌లు రాజుకు. తాగుబోతు పాట ఈయనకు. ఆట అయ్యాక అందరూ ఒకచోట తింటే ఈయన విస్తరి విడిగా వేసేవారు. దీక్ష తీసుకున్న రోజు నుంచి హార్మోనియం ముట్టలేదు. ఆ నోటితో ఇంకేం పాడను అనేవారు. ధమ్మంలోకి వచ్చాక మనం వదిలేసిన వాటిలో వదలాల్సినవి ఎన్నో ఉన్నాయి. ఆ గొంతు కూడా వాటితో పాటు పోయింది.

ఫోన్ చేసి కథంతా చెప్పాం. తుమ్మముల్లు గురించి, పండరిపురం గురించి. చాలాసేపు ఏమీ అనలేదు. లైను కట్టయిందేమో అనుకున్నాం.

"ఆయన కట్టుకుందాం అన్న మాట ఉందే, అది ఆయన నోట పెట్టొద్దురా. ఆమె చేతే పాడించండి" అన్నారు. కాసేపాగి, "పాడే పిల్లది ఎంత శ్రుతి?" అని అడిగారు.

మాకు తెలియదు. ఆదివారం విహారానికి వెళ్లి కనుక్కుని చెబుతామన్నాం.