సరంగు పేరు

మా అబ్బా గోదావరి మీద లాంచీ సరంగు. రాజమండ్రి రేవులో అంతా 'సరంగు సాయిబు' అనేవారు. అసలు పేరు ఎంతమందికి తెలుసో! వరద తీసాక ఇసుక తిన్నెలు చోటు మారతాయి, నిరుటి దారి ఈ ఏడు పనికిరాదు. కళాసీ ముందు నిలబడి గడేసి లోతు కేకేస్తుంటే అబ్బా చుక్కాని తిప్పేవాడు.

తర్వాత మేము పత్రికలో చేరాం. మా కాపీలో ఉర్దూ మాట కనబడితే కొట్టేసే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. "మంచి తెలుగు రాయవోయ్ సాయిబూ" అనేవాడు. ఓసారి లాంచీ వార్త రాసిచ్చాం. సరంగు, కళాసీ, లంగరు - అన్నీ ఫార్సీ, అరబ్బీల నుంచి వచ్చినవే. ఒక్కటీ కొట్టలేదు. అవి మావని ఆయనకు తెలీదు.

బి.ఏ. చదివే రోజుల్లో రవీంద్రుని 'జీవనస్మృతి'లో ఆయన అన్న జ్యోతిరింద్రనాథ్ ఓడల కంపెనీ సంగతి చదివి, ఆ రాత్రే అబ్బాకు ఉర్దూలో చెప్పాం.

ఆ ఇంటికి ఆవిరి ఓడలు కొత్త కాదు. తాత ద్వారకానాథ్ 1834లో తెల్లవాళ్లతో కలిసి పెట్టిన కార్, ఠాగూర్ కంపెనీ కలకత్తాలో ఆవిరి టగ్గులు నడిపింది. మనవడు వేలంలో ఏడు వేలకు ఒక ఓడ డొక్కు కొన్నాడు. ఇంజను లేదు, గదుల్లేవు. అవన్నీ బిగించి, 'సరోజిని' అని పేరుపెట్టి, 1884 మే 23న బరిసాల్‌కు బయల్దేరదీశారు. ఖుల్నా, బరిసాల్ మధ్య సర్వీసు. తర్వాత 'వంగలక్ష్మి', 'స్వదేశీ', 'భారత్', 'లార్డ్ రిప్పన్' వచ్చాయి. (స్వదేశీ పక్కనే వైస్రాయి! వ్యాపారం కదా.)

ఎదురు తెల్లవాళ్ల ఫ్లోటిల్లా కంపెనీ. పోటీలో ఛార్జీలు దిగిపోయాయి. బరిసాల్ కుర్రాళ్లు జనాన్ని బతిమాలి మన ఓడే ఎక్కించారు. చివరికి టిక్కెట్టు లేకుండా ఎక్కించుకోవడమే కాక మిఠాయి కూడా పెట్టారు. ఓడలు నిండాయి, గల్లా నిండలేదు. ఒకనాడు 'స్వదేశీ' హౌరా వంతెనకు తగిలి మునిగింది. దాంతో కంపెనీ పనైపోయింది.

మిఠాయి దగ్గర అబ్బా నవ్వాడు. ఓడ మునిగిన దగ్గర నవ్వలేదు. "సరంగు ఎవరంట?" అన్నాడు.

ఓడ పేరుంది, వంతెన పేరుంది. సరంగు పేరు లేదు.

"మనవాడే అయ్యుంటాడు" అన్నాడు.

ఆ ఊహ గాలిమాట కాదు. బెంగాల్ నదుల ఓడల మీద సరంగులూ కళాసీలూ ఎక్కువమంది సిల్హెట్, నోవాఖాలీ, చిట్టగాంగ్ ముస్లింలే. పైన దేశభక్తి, కింద బాయిలరు వేడి. ఆ వేడిలో బొగ్గు వేసినవాడు స్వదేశీ లెక్కలోకి వచ్చాడా?

ఇంకో సంగతి. ఠాగూర్లు పీరాలీ బ్రాహ్మణులు. పూర్వమెప్పుడో పీర్ అలీ అనే ముస్లిం ఇంటి వంట వాసన తగిలి ఆ వంశం మైలపడిందని కథ. తరాల పాటు ఛాందసులు వాళ్లతో వియ్యమందలేదు. వాసనకే అంత శిక్ష పడితే, ఆ వంట వండుకు తినేవాళ్ల మాటేమిటి?

1947లో ఖుల్నా, బరిసాల్ రెండూ పాకిస్తాన్‌లోకి పోయాయి. 1971 నుంచి బంగ్లాదేశ్. స్వదేశీ కంపెనీ నడిచిన దారంతా విదేశమైంది. నది ఎక్కడికీ పోలేదు. దాని ఒడ్డున ఉండిపోయిన సరంగు మనవడు ఇవాళ కలకత్తా వస్తే పరాయివాడే. మాకైతే గీతలు దాటే పనే పడలేదు. అయినా "మీరసలు ఎక్కణ్నుంచి వచ్చారు?" అని అడుగుతూనే ఉంటారు, ఎంతో మర్యాదగా.

మర్నాడు పొద్దున్నే రేవుకెళ్లాం. అబ్బా బీడీ ముట్టించి కళాసీలకు ఆ ఓడల కథ చెబుతున్నాడు, తెలుగులో. ఆయన కథలో 'స్వదేశీ' సరంగుకి పేరుంది. మా దాదా పేరు.