హలాల్ వేటకూ ఒక వేళ

సముద్రపు వేటను అల్లాహ్ మనకూ, ప్రయాణికులకూ ఆహారంగా ధర్మసమ్మతం చేశాడు (మాయిదా: 96). ఆ అనుగ్రహాన్ని పిల్లలకు చూపాలని మా మూడు కుటుంబాలు సంకల్పించాయి. భూపాలపల్లి అన్నగారు బస్సులో వరంగల్ చేరి, జనగామ చెల్లెలు వచ్చే రైలెక్కితే, మేము మహబూబాబాద్‌లో కలుస్తాము. బాపట్లలో దిగితే సూర్యలంక తీరం దగ్గరే. స్లీపర్ టిక్కెట్లు, ఇంటి భోజనం, ఒడ్డు నుండే గాలాలు. పడవ అద్దె ఉండదు.

అయితే వేసవి సెలవులు వేట నిషేధకాలంలో పడతాయి. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, చేపలు గుడ్లు పెట్టే ఆ 61 దినాలు, తూర్పు తీరంలో మరపడవలు కదలవు. “మనది గాలమే కదా!” అన్నారు పిల్లలు. నిషిద్ధ దినాన చేపలకై హద్దు మీరిన తీరవాసుల వృత్తాంతం (ఆరాఫ్: 163) వారికి వినిపించాను. జాలరులు జీవనోపాధినే ఆపుకొనే వేళ, వినోదానికై మనం గాలం వేయడం తగునా? ప్రయాణం సంక్రాంతి సెలవులకు మారింది, ఇన్‌షాఅల్లాహ్.