వార్ధక్యమా, వ్యాధియా?

ముసలివాడు దగ్గినచో ఇంటివారు ఆ దగ్గును వయస్సుమీదికి త్రోసివేయుదురు. పాత యంత్రము ఆగిపోయినచో యజమానియు, మేస్త్రియు కూడ అట్లే చేయుదురు. "ఇంకేమున్నది, అరిగిపోయినది" అను మాట అందఱికిని సుళువైనది. ఆలోచించు శ్రమను అది తప్పించును. 2004వ సంవత్సరమున మార్కాపురములో ఒక మోటారు సైకిలు విషయమున ఈ మాటయే ఒక పేద అయ్యవారి తల్లి మెడలోని గొలుసును తాకట్టు కొట్టు వాకిటి వఱకు నడిపించినది.

ఆ బండి 1979లో తయారైన బుల్లెట్టు. 1955లో మద్రాసు మోటార్సువారు ఇంగ్లండులోని రాయల్ ఎన్‌ఫీల్డు సంస్థతో చేయి కలిపి, ఎన్‌ఫీల్డు ఇండియా అను సంస్థను నెలకొల్పిరి. మద్రాసునకు ఉత్తరమున తిరువొత్తియూరులోని వారి కర్మాగారమునుండి వెలువడిన బండ్లు సైన్యములోను, పోలీసు శాఖలోను, పల్లెల మట్టిబాటలమీదను దశాబ్దముల తరబడి తిరిగినవి. ఆ ఇంజనునకు సిలిండరు ఒక్కటే. దాని కొలత 346 ఘన సెంటీమీటర్లు. పోత ఇనుముతో చేసిన ఆ సిలిండరులో 70 మిల్లీమీటర్ల వెడల్పుగల పిస్టను 90 మిల్లీమీటర్ల మేర పైకిని క్రిందికిని ఆడుచుండును. అందుచేత దాని చప్పుడు గడగడ కలిసిపోక, రోకటిపోటువలె ఒక్కొక్కటిగా విడివడి వినబడును.

దీనిని కొన్నవాడు అయ్యవారి తండ్రి. ఆయన పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. పాతిక యేండ్లలో కిలోమీటర్ల అంకెలు లక్ష దాటి మరల సున్నలనుండి మొదలిడినవి. తండ్రి గతించిన పిమ్మట బండి కుమారునకు వచ్చెను. అతడు దోర్నాలలో తల్లితో కాపురముండి, శ్రీశైలమునకు పోవు కనుమదారికి ప్రక్కనున్న ఒక చెంచుగూడెమున విద్యా వాలంటీరుగా పిల్లలకు చదువు చెప్పుచుండెను. వచ్చునది స్వల్పమైన గౌరవ వేతనము. ఆ గూడెమునకు బస్సు లేదు.

ఆ యేడు వానకాలము వెనుకబడిన తరువాత బండి త్రోవలో ఆగుట మొదలిడెను. మొదట పక్షమున కొకమాఱు, పిదప వారమునకు రెండు మూడు మాఱులు. ఉదయమున ఒక్క తన్నుతో మేల్కొనును. పది పండ్రెండు కిలోమీటర్లు చక్కగా పోవును. కనుమ ఎక్కునప్పుడు రెండు తుమ్ములు తుమ్మి నిలిచిపోవును. అరగంట నీడలో నిలిపినచో ఏమియు ఎఱుగనట్లు మరల కదలును. అది పులులు తిరుగు అడవి. నూట అరువది కిలోలకు పైబడిన బండిని ఆ యెగుడు దారిలో ఒంటరిగా త్రోసికొని పోవుట సామాన్యమైన పని కాదు. అయ్యవారు రాని దినమున పిల్లలు చింతచెట్టు క్రింద ప్రొద్దెక్కు వఱకు చూచి, పెద్దల వెంట తేనెకును దుంపలకును పోయెడివారు. మఱునాడు వారిని తిరిగి బడిలో కూర్చుండబెట్టుట బండిని నడిపించుటకన్న కష్టము.

మార్కాపురములో పలకల కార్ఖానాల నడుమ ఒక రేకుల షెడ్డు కలదు. అందలి మేస్త్రి ముప్పది యేండ్లుగా బుల్లెట్లనే బాగుచేయుచున్నవాడు. అయ్యవారి తండ్రి కాలమునుండి ఈ బండి ఆయన చేతిలోనే పెరిగినది. ఆయన బండిని విని, పొగను చూచి, స్పార్కు ప్లగ్గు మార్చెను, కండెన్సరు మార్చెను, కార్బురేటరు విప్పి కడిగెను. మూడును ఒక్కనాడే చేసెను. అది ఆయన తొందరపాటు. అన్నియు ఒక్కమాఱు మార్చినచో, బండి బాగుపడినను ఏది మందో తెలియదు. బాగుపడకున్నను ఏది కాదో తెలియదు. బండి రెండు దినములు నడిచి మరల ఆగెను. ఉదయమున స్టార్టు చేయగానే గొట్టమునుండి నీలిపొగ వెడలుట చూచి మేస్త్రి పెదవి విఱిచెను. "అయ్యవారూ, రింగులు అరిగినవి. సిలిండరు బోరు చేయించి, క్రొత్త పిస్టను వేయవలెను. వయస్సు మీఱినది గదా!" అనెను. ఆయన చెప్పిన మొత్తము అయ్యవారి కొన్ని నెలల వేతనము. సోమవారమునాడు తల్లి గొలుసును కుదువబెట్టి సొమ్ము తెచ్చుటకు నిశ్చయమయ్యెను.

శనివారము సాయంకాలమున షెడ్డులో పని నేర్చుకొనుచున్న పదునెనిమిదేండ్ల కుఱ్ఱవాడు ఆ బండిని లోపల పెట్టుచు, ఆటగా దాని కిక్కుమీద ఎక్కి నిలుచుండెను. మీట సగము దిగి ఆగిపోయినది. వాని బరువునకు అది ఇంకను దిగలేదు. వాడు దానిపై నిలిచి ఊగుచుండెను. మేస్త్రి గద్దింపబోయి, గద్దింపక నిలిచిపోయెను.

రింగులు నిజముగా అరిగినచో సిలిండరులో ఒత్తిడి నిలువదు. గాలి ప్రక్కలనుండి జాఱిపోయి, మీట వెంటనే క్రుంగును. ఇక్కడ ఒక మనుష్యుని బరువును ఇంజను మోయుచున్నది. మేస్త్రి ప్లగ్గు విప్పి, ఆ రంధ్రమున ఒక చెంచాడు ఇంజను ఆయిలు పోసి, మరల కుఱ్ఱవానిని నిలుచుండబెట్టెను. రింగులలో సందు ఉన్నచో ఆయిలు దానిని కప్పి, ఒత్తిడి ఒక్కసారిగా పెరుగవలెను. పెరుగలేదు. మొదటినుండియు బాగుగానే ఉన్నదని దాని అర్థము. మఱి నీలిపొగ మాటయేమి? రింగుల పొగ బరువు లాగునప్పుడెల్ల వచ్చుచుండును. ఈ పొగ ఉదయమున ఒక్క నిమిషము కనబడి పోవుచున్నది. రాత్రి వాల్వు గైడ్ల సందులనుండి జాఱిన నాలుగు చుక్కల ఆయిలు కాలిన పొగ అది. దానితో బండి ఆగదు.

ఆదివారము తెల్లవాఱకముందే మేస్త్రి ఆ బండిపై దోర్నాలకు బయలుదేఱెను. అయ్యవారి యింటి అరుగుపై కూర్చుండి, మొదటినాడే అడుగవలసిన ప్రశ్నలను అప్పుడు అడిగెను. ఎండ దినమున ఎక్కువగా ఆగునా? లేదు, చలిలోను ఆగును. రాత్రి దీపము వెలిగించినచో తేడా కలదా? లేదు. టాంకులో పెట్రోలెంత యున్నప్పుడు ఆగును?

అయ్యవారు కొంత తడవు ఆలోచించెను. "టాంకు నిండుగా పోయించిన దినముననే త్వరగా ఆగుచున్నది. సగమున్నప్పుడు ఒక్కొక్కనాడు ఆగక గూడెము చేర్చును. ఒకమాఱు దారిన పోవు పిల్లలు 'పెట్రోలు లేదేమో' అని మూత తీసి చూచిరి. ఆనాడు వెంటనే కదలినది" అనెను.

వేడివలన కలుగు దోషమునకు టాంకు నిండినదో, వెలితియో తెలియదు. మేస్త్రి మఱేమియు పలుకక, టాంకు నిండ పోయించి, వెనుక కూర్చుండెను. జబ్బు వచ్చు చోటనే నాడి చూడవలెనని ఆయన పట్టుదల. కనుమలో మూడవ మలుపున బండి తుమ్మి ఆగెను.

మొదట నిప్పును చూచిరి. తాళము తిప్పి కిక్కును మెల్లగా అదుముచుండగా హ్యాండిలు నడుమనున్న అమ్మీటరు ముల్లు ఒకసారి ఎడమకు వ్రాలి, మరల నడిమికి వచ్చెను. పాయింట్లు మూసికొని తెఱచుకొనుచున్నవన్నమాట. ప్లగ్గును విప్పి ఇనుమున కానించి తన్నగా నీలపు రవ్వ చిటుక్కుమనెను. నిప్పునకు లోపము లేదు. పిదప పెట్రోలు గొట్టమును కార్బురేటరునుండి ఊడదీసిరి. నిండు టాంకునుండి ధారగా దూకవలసిన పెట్రోలు రెండు చుక్కలు రాలి ఆగిపోయెను. మేస్త్రి గొట్టమును పట్టుకొనియే, అయ్యవారిని టాంకు మూత తీయుమనెను. మూత తిరుగగానే 'స్‌స్' అని గాలి లోనికి పీల్చుకొన్న చప్పుడు. మఱుక్షణమున పెట్రోలు ధారకట్టి మేస్త్రి చేతిని తడిపెను.

నీళ్లకుండకు మూతి గట్టిగా మూసి, అడుగున సన్నని రంధ్రము చేసినచో నీరు ధారకట్టదు. దిగిన నీటి చోటికి పైనుండి గాలి రావలెను. అందుకే టాంకు మూతకు చిన్న గాలిరంధ్రముండును. అది మూసికొనిపోగా, పెట్రోలు దిగుచున్నకొలది లోపలి గాలి పలుచబడి, పెట్రోలును పైకే పట్టి యుంచును. టాంకు నిండుగా నున్నప్పుడు పైని గాలి కొంచెమే గనుక అది త్వరగా పలుచబడును. ఎగుడు దారిలో ఇంజను ఎక్కువ త్రాగును గనుక కనుమలోనే ఆగును. అరగంట నిలిపినచో అంచుల సందులనుండి గాలి మెల్లగా చేరును. ఎండవేడిమి వలన ఆగి, చల్లబడి కదలుచున్నదని అందఱును భ్రమించిన దానికి ఇదియే కారణము.

మేస్త్రి మూతను త్రిప్పి చూచెను. అందులో రంధ్రమునకు అడ్డముగా, గోధుమరొట్టెవలె ఉబ్బిన నల్లని రబ్బరు వాషరు కలదు. చాలసేపు చూచెను. వానకాలమున టాంకులోనికి నీరు దిగుచున్నదని అయ్యవారు చెప్పగా, పాత కార్కు వాషరును పారవేసి, లారీ ట్యూబునుండి ఆ రబ్బరును కోసి అమర్చినవాడు ఆయనయే. అప్పుడది పలుచగా, సరిగా నున్నది. పెట్రోలులో నాని నాని రెండు నెలలలో ఉబ్బి రంధ్రమును మూసినది.

ఆ అడవిలో చూచువారు లేరు. వాషరును చాటుగా జేబులో వేసికొని, "కుళాయిలో నలుసు పడినది" అనినచో అయ్యవారు నమ్మియుండును. ఆ తలంపు ఆయనకు రాలేదని చెప్పుట కష్టము. మూతను చేతబట్టుకొని ఆయన నిలిచిన సేపు అంత తక్కువ కాదు. కడకు ఆ రబ్బరును పెఱికి అయ్యవారి అఱచేతిలో పెట్టెను. "ఇది నా చేతిపని అయ్యవారూ! బండి ముసలిదని అంటిని. తప్పు బండిది కాదు" అనెను.

అయ్యవారు నవ్వలేదు, కోపింపలేదు. "అమ్మ గొలుసు ఇంటనే యున్నదిలే" అని మాత్రము అనెను.

షెడ్డునకు వచ్చిన పిదప మేస్త్రి కార్కు ముక్కను గుండ్రముగా కోసి, నడుమ రంధ్రము చేసి, మూతలో అమర్చెను. ప్లగ్గునకును, కండెన్సరునకును పుచ్చుకొన్న సొమ్మును తిరిగి ఇచ్చెను. అయ్యవారికి అవసరముండెను గనుక మొగమాటపడక పుచ్చుకొనెను. ఇంజను చల్లబడిన తరువాత ప్రక్క మూత విప్పి టాపెట్లను సవరించిరి. పుష్ రాడ్డు వ్రేళ్లతో త్రిప్పినచో సుళువుగా తిరుగవలెను. పైకి క్రిందికి మాత్రము ఆడరాదు. వాల్వు గైడ్ల జోలికి పోలేదు. ఉదయపు పొగ అట్లే యుండెను. అది నిజముగా వయస్సువలన వచ్చినదే. ఆయిలు మట్టమును వారమున కొకమాఱు చూచికొనుచు దానితో ఇంకను చాల దూరము పోవచ్చునని మేస్త్రి చెప్పెను. ఉబ్బిన వాషరును కుఱ్ఱవాడు షెడ్డు గోడకు మేకు కొట్టి వ్రేలాడదీసెను. మేస్త్రి వలదనలేదు.

సోమవారము ఉదయమున అయ్యవారు టాంకు నిండ పోయించి కనుమ ఎక్కెను. మూడవ మలుపు దాటినది, నాలుగవది దాటినది. గూడెము ఇంకను కనబడక మునుపే ఆ రోకటిపోటు చప్పుడు చెట్లమీదుగా ముందు చేరినది. అడవికి బయలుదేఱిన పిల్లలు దుంపలు త్రవ్వు కఱ్ఱలను చింతచెట్టున కానించి, పలకలకై ఇండ్లలోనికి పరుగెత్తిరి.