నాలుగు జాములు... నాలుగు ఆటలు

శివరాత్రి సాయంత్రం. కాళేశ్వరం వీధుల్లో ఇసుకేస్తే రాలనంత జనం. గుడి మైకులోంచి మంత్రాలు, గోదావరి ఒడ్డు నుంచి చల్లగాలి, బస్సులు దిగుతున్న భక్తుల కేకలు... ఆ హడావుడికి రెండు వీధుల అవతల ఓ పెంకుటింటి వసారాలో మాత్రం వేరే సందడి. చాప మీద చింతగింజలు, గవ్వలు, సుద్దముక్క, పాత వైకుంఠపాళి పటం, పక్కనే ఉడికించిన కందగడ్డల గిన్నె. గడప దగ్గర ఓ స్టీలు డబ్బా. వచ్చినవాళ్లు ముందుగా తమ సెల్‌ఫోన్లను ఆ డబ్బాలో వేయాలి. అదీ ఆ రాత్రికి మొదటి షరతు!

ఆ ఇంటావిడ అంగన్‌వాడీ టీచరుగా పనిచేసి మానేశారు. ఏటా శివరాత్రి జాగారం అంటే ఆమెకు గుర్తొచ్చేది టీవీ ముందు కునికిపాట్లే. ఓ ఛానల్లో భక్తి సినిమా, మరో ఛానల్లో పాత సినిమా... మధ్యలో ఇంటిల్లిపాదికీ చాయ్ పెట్టివ్వడం. మేలుకున్నది ఆమే, పని చేసిందీ ఆమే. ఒక్క రాత్రయినా ఆడవాళ్లు తమకోసం మేలుకోలేరా అనిపించింది. అంతే, ఏడుగురు స్నేహితురాళ్లను పిలిచారు. ఆ రాత్రికి ఒకటే నియమం: అమ్మమ్మలు ఆడిన ఆటలు తప్ప మరొకటి ఆడకూడదు. జాముకో ఆట. డబ్బు పందెం లేదు. ఓడినవాళ్లు కందగడ్డల పొట్టు తీయాలి. చాయ్ బాధ్యత మాత్రం ఆయనది!

ఆరుగురు సరేనన్నారు. ఏడో ఆమె దగ్గరే వచ్చింది చిక్కు.

ఆమెది నది అవతల, మహారాష్ట్రలోని సిరొంచ. ఊరు అటుదైనా మాట మన తెలుగే. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే అరుగు మీద గచ్చకాయలాడారు. పెళ్లయి అవతలి ఒడ్డుకు వెళ్లాక, పడవ దొరికితేనే పుట్టింటికి రాక. ఇప్పుడు నది మీద వంతెన ఉంది, గడియలో రావచ్చు. కానీ, భర్త పోయి ఇంకా ఏడాది నిండలేదు.

‘‘పండుగ పూట నీ ఇంటికి నేనెట్లొస్తనే అక్కా... నలుగురు ఏమంటరు?’’ అని ఫోన్‌లో అడిగింది.

‘‘పండుగకు ఎవరు రమ్మన్నరే నిన్ను? ఆటకు రా’’ అన్నారు ఈమె.

చీకటి పడుతుండగా వచ్చిందామె. గడప దగ్గర ఓ క్షణం ఆగింది. లోపలున్నవాళ్లలో ఒకావిడ జరిగి, చాప మీద చోటు చూపించింది. అంతకుమించి ఎవరూ ఏమీ అనలేదు.

తొలి జాములో గచ్చకాయలు. ఒక్క కాయ పైకి ఎగరేసి, అది కిందపడేలోగా నేల మీదున్న వాటిని ఒకటి, రెండు, మూడు, నాలుగు లెక్కన ఏరుకోవాలి. చెప్పడానికి ఎంత తేలికో! మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పీటలెక్కి కూర్చున్నారు. పైకి వేసిన కాయ ఒకరి నెత్తి మీద పడింది. అందరికన్నా చిన్నది, కొత్తగా పెళ్లయి వచ్చిన పక్కింటి కోడలు, ఈ ఆట చూడటమే మొదటిసారి. ఆమె చేతికి మాత్రం కాయలు చక్కగా ఒదిగాయి. పెద్దవాళ్లందరూ పొట్టు తీయడానికి సిద్ధమయ్యారు.

రెండో జాములో అష్టాచమ్మా. సుద్దముక్కతో నేల మీద ఇరవై అయిదు గళ్లు గీశారు. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చమ్మా, అంటే నాలుగు. అన్నీ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. ఏది పడినా మరో పందెం వేసుకోవచ్చు. అవతలివాళ్ల కాయనొకటి కొడితేగానీ లోపలి గళ్లలోకి వెళ్లే వీల్లేదు. 2008లో ఇదే పేరుతో మోహనకృష్ణ ఇంద్రగంటి సినిమా తీశాక పట్నం పిల్లలకూ పేరు తెలిసింది గానీ, ఆట తెలిసినవాళ్లు తక్కువే. దీనికి దగ్గరి చుట్టమైన పచ్చీసునే ఇంగ్లండువాళ్లు కాస్త మార్చి 1896లో లూడోగా పేటెంట్ చేసుకున్నారు. మనం దాన్ని మళ్లీ కొనుక్కుని సెల్‌ఫోన్‌లో ఆడుతున్నాం!

ఆటకు కాయలు కావాలి. ఇంటావిడ ఓ చిన్న డబ్బా మూత తీసి, చప్పున మూసేశారు. అందులో ఉన్నవి పగిలిన గాజుముక్కలు. చిన్నప్పటి నుంచీ అష్టాచమ్మాకు అవే కాయలు. ఎరుపొకరికి, పచ్చవొకరికి. కానీ, గాజులు పగలగొట్టించుకుని ఏడాదైనా కాని మనిషి ముందు వాటినెలా పెట్టడం? కందులు తెస్తానంటూ లేవబోయారు.

సిరొంచ ఆమె ఆ డబ్బాను తనవైపు లాక్కుంది. నాలుగు పచ్చ ముక్కలు ఏరి తన గడిలో పెట్టుకుంది.

‘‘నావి ఎప్పుడూ పచ్చవే గదా అక్కా. మరిచినవా?’’

వసారాలో కాసేపు నిశ్శబ్దం. తర్వాత గవ్వలు గలగలమన్నాయి. చమ్మా!

అర్ధరాత్రి లింగోద్భవ వేళ. ఆట ఆపి, దీపం వెలిగించి, గుడి వైపు తిరిగి అందరూ దండం పెట్టుకున్నారు. కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ఒకటి కాళేశ్వరుడు, అంటే యముడు. రెండోది ముక్తేశ్వరుడు, అంటే శివుడు. ముందు యముడికి, తర్వాత శివుడికి మొక్కడం ఇక్కడి ఆనవాయితీ. ముక్తేశ్వర లింగానికున్న రంధ్రాల్లో పోసిన నీరు గోదావరి, ప్రాణహిత కలిసే సంగమానికి చేరుతుందని నమ్మకం. శ్రీశైలం, ద్రాక్షారామంతో కలిపి త్రిలింగ క్షేత్రాల్లో ఇదొకటి. చావునూ ముక్తినీ పక్కపక్కనే కూర్చోబెట్టిన ఊరు మరి!

మూడో జాము అసలు పరీక్ష. కళ్లు మూతలు పడే వేళ. అందుకే వామనగుంటలు. పీటకు ఇటు ఏడు, అటు ఏడు, మొత్తం పద్నాలుగు గుంటలు. గింజలు ఒక్కోటీ పంచుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోయాక ఎదురుగా ఖాళీ గుంట తగిలితే, దాని పక్క గుంటలో ఉన్నవన్నీ మనవే. లెక్క తప్పితే నిద్రపోతున్నట్టే లెక్క! ఈ ఆటలో సిరొంచ ఆమెను ఎవరూ ఓడించలేకపోయారు. నెలల తరబడి ఇంట్లో ఒంటరిగా కూర్చుని, పీట ముందేసుకుని రెండువైపులా తానే ఆడేదట. గింజలు పంచుతూ మామూలుగా చెప్పేసింది. వింటున్నవాళ్లు తలలు దించుకున్నారు. ఇన్నాళ్లూ అవతలి ఒడ్డుకు వెళ్లి పలకరించడానికి వంతెన లేదా, తీరిక లేదా అని ఎవరికి వారే అడుగుకున్నారు.

చివరి జాము వైకుంఠపాళిది. నిచ్చెనలు సద్గుణాలు, పాములు దుర్గుణాలు. ఇదీ ఇంగ్లండు వెళ్లి ‘స్నేక్స్ అండ్ లాడర్స్’ అయింది. 1943లో అమెరికా చేరేసరికి పాములు కూడా పోయి జారుడుబల్లలయ్యాయి. కాళేశ్వరం వసారాలో మాత్రం పాములకు కోరలున్నాయి. వైకుంఠం నాలుగు గళ్ల దూరంలో ఉండగా ఇంటావిడను పెద్దపాము మింగేసింది. నిద్రమత్తులో ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా గొల్లుమన్నారు. లోపల్నుంచి ఆయన, ‘‘చాయ్ పెట్టాల్నా?’’ అంటూ లేచొచ్చారు.

తెల్లారింది. ఎనిమిదిమందీ సంగమానికి నడిచారు. మునిగి లేచాక ఎర్రబడిన కళ్లతో ఒకరినొకరు చూసుకుని మళ్లీ నవ్వులు. ఇంటికొచ్చి ఒక్కపొద్దు విడిచారు. స్టీలు డబ్బాలోంచి ఎవరి ఫోన్లు వాళ్లు తీసుకున్నారు. చిత్రం... రాత్రంతా అవి లేవన్న సంగతే ఎవరికీ గుర్తు లేదు.

సిరొంచ ఆమె బయల్దేరుతూ గడప దగ్గర ఆగింది, వచ్చినప్పటిలాగే. కానీ, ఈసారి మాట వేరు.

‘‘ఆ గాజుముక్కల డబ్బా నాకియ్యే అక్కా. వచ్చే శివరాత్రి ఆట మా ఇంట్ల. అందరు రావాలె.’’

డబ్బా వంతెన దాటి అవతలి ఒడ్డుకు వెళ్లింది.